ఆ టీ పార్టీ జరగలేదట!

మూడేళ్ల కిందట మార్చి ఎనిమిదిన మా కాలనీ మహిళా మండలి వాళ్లు నన్ను నాలుగు మాటలు మాట్లాడమని పిలిచారు. నవలలు రాసే మనిషికి ఉపన్యాసం ఒక లెక్కా అనుకుని తలూపేశాను. తీరా ముందురోజు రాత్రి కాగితం కలం పుచ్చుకు కూర్చుంటే ఒక్క ముక్క తోస్తే ఒట్టు! ఎప్పుడో బి.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో చదివిన కథ ఒకటి ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి నన్ను ఒడ్డెక్కించింది.

అమెరికాలో వయోమింగ్ అనే చోట, కొండల మధ్య ఒక బంగారు గనుల వూరు. 1869లో ఎన్నికలొచ్చాయి. ఆ వూళ్లో ఎస్తర్ మోరిస్ అనే ఇల్లాలు పోటీచేస్తున్న ఇద్దరు అభ్యర్థుల్నీ ఇంటికి టీకి పిలిచింది. కప్పులు చేతికిచ్చాక, గెలిచినవాడు ఆడవాళ్లకి ఓటుహక్కు కోసం బిల్లు పెట్టాలని మాట తీసుకుంది. గెలిచినవాడు మాట నిలుపుకున్నాడు. అలా, న్యూయార్కులో లేదు, లండన్‌లో లేదు, ఆ మారుమూల వూరి పుణ్యమా అని ఆడవాళ్లకి ఓటొచ్చింది!

హాలంతా ఒకటే చప్పట్లు. సభ అయ్యాక మా పక్కింటి మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, “చూశావుటే అమ్మాయ్, ఒక్క కప్పు టీతో ఎంత పని చేసిందో ఆ మహాతల్లి!” అన్నారు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్రపట్టలేదు.

ఇప్పుడు తెలిసిన సంగతేమిటంటే, ఆ టీ పార్టీ జరగలేదట!

ఎలా తెలిసిందో చెబుతాను. పోయిన వేసవిలో డెన్వర్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళ్లాను. “అక్కా, ఏం చూస్తావు? డిస్నీలాండా, లాస్‌వేగాసా?” అనడిగింది. సౌత్‌పాస్ సిటీ చూడాలన్నాను. మా చెల్లెలు మొహం చిట్లించింది. మా మరిది ఫోన్‌లో వెతికి, “వదినగారూ, పేరుకి సిటీయే గానీ అక్కడ జనమే లేరండీ!” అన్నాడు. జనం లేకపోతే పోయె, చరిత్ర వుంది కదా అని పట్టుబట్టాను.

లారమీ దాటాక ఇంక చెట్టన్నది లేదు. బూడిదరంగు పొదలు, గాలి, ఆకాశం. ఎంతసేపు ప్రయాణం చేసినా ఆ మూడే. ఒక కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే అనుకోండి. కానీ మన జిల్లాలో మైలుకో వూరుంటే అక్కడ వూరుకీ వూరుకీ మధ్య ఒక పూట ప్రయాణం. సముద్రమట్టానికి ఏడువేల అడుగుల పైన, ఆ మైదానంలోనే కొండలు కాస్త వొంగి దారిచ్చినట్టుగా సౌత్‌పాస్ కనుమ వుంది. కనుమంటే మన శ్రీశైలం ఘాటురోడ్డులా మలుపులూ లోయలూ వుంటాయనుకున్నాను. ఏమీ లేవు. ఎడ్లబళ్లు సుఖంగా సాగిపోయేంత విశాలమైన నేల. అందుకే 1840ల నుంచి రైలు వచ్చేదాకా, పడమటి తీరానికి వలసపోయిన నాలుగైదు లక్షలమంది ఈ దారినే పోయారు. 1836లో నార్సిసా విట్‌మన్, ఎలైజా స్పాల్డింగ్ అనే ఇద్దరు మిషనరీల భార్యలు ఇక్కడ కనుమ దాటారు. తెల్లజాతి ఆడవాళ్లలో వాళ్లే మొదటివాళ్లు.

దాటిపోయారే గానీ ఆగినవాళ్లు లేరు. ఆగడానికి ఏముందని? 1867లో బంగారం కనిపించాకే ఆగారు. కరిస్సా గని పేరు పాకిపోయింది. విల్లో క్రీక్ అనే చిన్న వాగు వొడ్డున రాత్రికి రాత్రి కర్రదుంగల ఇళ్లు లేచాయి. దుకాణాలు, హోటళ్లు, అన్నిటికన్నా ఎక్కువగా సెలూన్లు. సెలూనంటే మన క్షౌరశాల కాదండోయ్, సారా అమ్మే కొట్టు!

1867 డిసెంబరులోనే అప్పటి డకోటా ప్రభుత్వం ఈ ప్రాంతానికి కార్టర్ కౌంటీ అని పేరుపెట్టి, సౌత్‌పాస్ సిటీని ముఖ్యపట్నం చేసింది. మరుసటి సంవత్సరం వయోమింగ్ విడి ప్రాంతం అయింది. 1869 డిసెంబరులో కౌంటీ పేరు స్వీట్‌వాటర్ అని మార్చారు. అంటే ‘మంచినీళ్ల జిల్లా’! 1870 జనాభా లెక్కల్లో వయోమింగ్ మొత్తానికి 9,118 మంది. స్వీట్‌వాటర్ కౌంటీలో 1,916 మంది. అది మన దగ్గర ఒక మోస్తరు పల్లెటూరి జనాభా. పెద్దవాళ్లలో ఆరుగురు మగవాళ్లకి ఒక్క ఆడది.

ఈ కౌంటీ నుంచి శాసనసభకి వెళ్లినవాళ్లలో విలియం బ్రైట్ అనే ఆయన వున్నాడు. దక్షిణాదిన వర్జీనియా ప్రాంతంవాడు. వూళ్లో సెలూను నడిపేవాడు. బడికి ఒక్కరోజైనా వెళ్లలేదని తనే చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ఎగువసభకి అధ్యక్షుడయ్యాడు. ఆయన భార్య జూలియా, ఆయనకన్నా వయసులో బాగా చిన్నది. ఆడవాళ్లకి ఓటుండాలని గట్టిగా నమ్మిన మనిషి. ఆవిడ ఏం చెప్పిందో, ఎప్పుడు చెప్పిందో, అన్నం వడ్డిస్తూ చెప్పిందో దీపమార్పుతూ చెప్పిందో, ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టినవన్నీ మగవాళ్ల ఉపన్యాసాలే కదా!

1869 అక్టోబరులో షయాన్‌లో మొట్టమొదటి శాసనసభ కూర్చుంది. ఎగువసభలో తొమ్మిదిమంది, దిగువసభలో డజనుమంది చిల్లర. అందరూ మగవాళ్లే. అందరూ డెమోక్రాట్లే. గవర్నరు జాన్ కాంప్‌బెల్ మాత్రం రిపబ్లికన్. అప్పుడు బ్రైట్ లేచి, వయోమింగ్ ఆడవాళ్లకి ఓటు వేసే హక్కు, పదవులు నిర్వహించే హక్కు ఇవ్వాలని బిల్లు పెట్టాడు.

ఇక్కడ నాకు మహా ఆనందంగా, ‘ఎంత వుదారులో!’ అని రాయాలని వుంది. కానీ సంగతి అంత తేటగా లేదు. యుద్ధం అయిపోయి నల్లవాళ్లకి ఓటిస్తున్న రోజులవి. వాళ్లకిస్తే నా భార్యకీ తల్లికీ ఎందుకివ్వకూడదన్నది బ్రైట్ వాదమని చరిత్రకారులు అంటారు. ఆ వాదంలో ఆడవాళ్ల మీద గౌరవం ఎంతో, నల్లవాళ్ల మీద చిన్నచూపు అంతే వుంది. మరికొందరు సభ్యులకి, ఈ వార్త పేపర్లకెక్కితే ఆడవాళ్లు కాపురాలకి వస్తారన్న ఆశ. ఇంకొందరికి, రిపబ్లికన్ గవర్నరు ఎలాగూ సంతకం పెట్టడు, ఆయన్ని ఇరుకున పెట్టవచ్చునన్న సరదా. సౌత్‌పాస్ సిటీ నుంచే వచ్చిన బెన్ షీక్స్ అనే కుర్ర వకీలు మాత్రం ఖరాఖండీగా వ్యతిరేకించాడు. ‘ఆడవాళ్లు’ అన్న మాట తీసేసి నల్లజాతి ఆడవాళ్లు, ఇండియన్ ఆడవాళ్లు అని మార్చమని సవరణ తెచ్చాడు. అంటే, అలా మారిస్తే సభ మొత్తం నవ్వి పారేస్తుందని ఆయన లెక్క. ఓటు వయసు బిల్లులో పద్దెనిమిది వుంటే ఇరవైయొకటి చేశారు. ఎగువసభలో 6–2, దిగువసభలో 7–4.

ఇరుకున పడవలసిన గవర్నరు ఇరుకున పడలేదు. ఆయన సొంతవూరు ఒహాయోలోని సేలం. 1850లో ఆ వూళ్లో మహిళా హక్కుల సభ జరిగింది. ఆ సభలో మగవాళ్లకి మాట్లాడే అవకాశమే ఇవ్వలేదట! ఆ వూరి గాలి పీల్చి పెరిగిన మనిషి 1869 డిసెంబరు 10న సంతకం పెట్టేశాడు. ఎవరు హాస్యానికి చేతులెత్తారో, ఎవరు మనస్ఫూర్తిగా ఎత్తారో గానీ సంతకం సంతకమే. అదే శాసనసభ, పెళ్లయిన ఆడవాళ్ల ఆస్తి వాళ్లదే అని ఇంకో చట్టం, పంతులుకీ పంతులమ్మకీ జీతంలో తేడా వుండకూడదని మరో చట్టం చేసింది. అప్పటికి అమెరికాలో మిగతా ఆడవాళ్లకి దేశమంతటా ఓటు రావడానికి యాభై సంవత్సరాల పైనే వుంది. మన మద్రాసు రాష్ట్రంలో, అదీ ఆస్తీ పన్నూ వున్న కొద్దిమందికి, 1921లో గాని రాలేదు.

ఇక ఎస్తర్ సంగతి.

ఆవిడ 1812లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోయారు. ఆడవాళ్ల టోపీలు కుట్టి అమ్మి తన తిండి తను సంపాదించుకుంది. దాదాపు ముప్ఫై ఏళ్లొచ్చాక ఆర్టిమస్ స్లాక్ అనే ఇంజనీరుని చేసుకుంది. కొడుకు పుట్టిన కొన్నాళ్లకే భర్త పోయాడు. ఇల్లినాయిలో ఆయనకున్న భూమి తనకి వస్తుందని చంటిపిల్లాణ్ణి తీసుకుని అంతదూరం వెళ్లింది. ఆడది ఆస్తికి హక్కుదారు ఎలా అవుతుందంటూ అప్పటి చట్టాలు అడ్డంపడ్డాయి. ఈ ముక్క చదువుతుంటే నాకు కళ్లముందు మా అమ్మమ్మే కనిపించింది. ఆవిడకీ ఇలాంటి కాగితాల కథే ఒకటి వుంది, అది వేరే సంగతి.

తరవాత జాన్ మోరిస్ అనే వర్తకుణ్ణి చేసుకుంది. కవలపిల్లలు పుట్టారు. బంగారం మాట విని ఆయన సౌత్‌పాస్ వెళ్లాడు. వెనకాలే 1869లో ఈవిడ పిల్లలతో వెళ్లింది. అప్పటికి ఆవిడకి యాభైయేడేళ్లు! మనలో ఆ వయసొస్తే మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటూ మనవల్ని ఎత్తుకుంటాం. ఆరడుగులకి కాస్త తక్కువ ఎత్తు, దానికి తగ్గ విగ్రహం, మొహమాటం లేని మాట అని ఆవిణ్ణి చూసినవాళ్లు రాశారు.

చట్టం వచ్చిన కొద్దివారాలకే ఆ వూళ్లో జస్టిస్ ఆఫ్ ది పీస్ పదవి ఖాళీ అయింది. మన పాతకాలపు బెంచి మేజిస్ట్రేటులాంటి పని అనుకోండి. చిన్నచిన్న బాకీ తగాదాలు, కొట్లాటలు విచారించాలి. ఆడవాళ్లకి ఓటిచ్చారన్న కోపంతోనే పాత ఆయన రాజీనామా చేశాడని చెబుతారు. కింగ్‌మన్ అనే పైకోర్టు జడ్జి ఎస్తర్‌ని దరఖాస్తు పెట్టమన్నాడు. ఐదువందల డాలర్ల పూచీ కట్టి పెట్టింది. 1870 ఫిబ్రవరి 14న పదవిలో చేరింది. అమెరికాలో న్యాయాధికారి పీఠం మీద కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే. అన్నట్టు, సరిగ్గా అదే రోజున పక్కనున్న యూటాలో ఆడవాళ్లు ఓట్లు వేశారు. చట్టం వయోమింగ్‌ది ముందు, ఓటు యూటాది ముందు. వయోమింగ్‌లో మొదటి ఓటు ఆ ఏడాది సెప్టెంబరు 6న లారమీలో పడింది. వేసింది లూయిసా స్వెయిన్ అనే డెబ్భై ఏళ్లావిడ. రొట్టెల పిండికి ఈస్టు తెచ్చుకుందామని చిన్న డబ్బా పట్టుకుని బయల్దేరి, దారిలో ఓటేసి వెళ్లిందట.

మళ్లీ ఎస్తర్ కోర్టుకి వద్దాం. కోర్టంటే వేరే భవనం లేదు. వున్న దుంగల ఇంట్లోనే విచారణ. ఆవిడ ముందుకొచ్చిన మొదటి కేసు ఏమిటో వింటే మీరు నవ్వుకుంటారు. డాకెట్, అంటే కేసులు రాసుకునే రిజిస్టరు, పాత జడ్జి స్టిల్‌మన్ దగ్గర వుండిపోయింది. ఆడదానికి అప్పగించేది లేదని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు. ఆయన మీద కేసు పెట్టారు. విచారించవలసింది ఎవరు? ఈవిడే! పళ్లు పటపటా కొరుకుతూ ఆయన్ని జైల్లో పెట్టించవచ్చు. వూళ్లో సగంమంది దానికోసమే ఎదురుచూసి వుంటారు కూడా. కానీ ఆవిడ ఏం చేసిందో తెలుసా? ఈ తగాదాలో నేనే ఒక పక్షాన్ని గనక తీర్పు చెప్పే అధికారం నాకు లేదని కేసు కొట్టేసింది. నీ పాత పుస్తకం నాకక్కర్లేదన్నట్టు కొత్త రిజిస్టరు తెరిచి మొదటి పేజీ రాసుకుంది.

నా మటుకు నాకు, ఆవిడ జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. లా చదవని మనిషికి, తన కోపానికీ తన కుర్చీకీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలిసింది. పెద్ద చదువులు చదివినవాళ్లకే చాలామందికి తెలియదు.

ఎనిమిది నెలల పైచిలుకు ఆవిడ పనిచేసింది. ఆ రిజిస్టరు చూసి చరిత్రకారులు లెక్కవేస్తే ఇరవైయేడు కేసులు తేలాయి. తొమ్మిది క్రిమినల్ కేసులు, మిగతావి బాకీలూ అవీ. అప్పీలుకి వెళ్లినవి వున్నా ఆవిడ తీర్పులు తిరగబడలేదు. సారా, తుపాకులు, బంగారం మూడూ కలిసివున్న వూరు మరి! పెద్దకొడుకు జిల్లాకోర్టు గుమాస్తా, కవలల్లో ఒకడు రాతకోతల సాయం. గడువు తీరాక ఏ పార్టీ ఆవిణ్ణి మళ్లీ నిలబెట్టలేదు. తన పదవి ఆడవాళ్ల సామర్థ్యానికి ఒక పరీక్ష అని ఆవిడ తరవాత అంది. పరీక్ష ప్యాసయినా సీటు దొరకలేదన్నమాట!

ఇంట్లో మాత్రం సుఖం లేదు. 1871లో భర్త తనమీద చెయ్యి చేసుకున్నాడని ఎస్తర్ ఫిర్యాదు చేసి వారంటు తెప్పించింది. ఆ ఏడే ఆయన్ని వదిలి వెళ్లిపోయింది. జడ్జిగా కూర్చున్న ఆడదానికీ ఇంట్లో దెబ్బలు తప్పలేదా అని నిట్టూర్చకండి. తప్పలేదు గానీ, నోరు మూసుకుని మాత్రం కూర్చోలేదు.

మరి టీ పార్టీ మాటేమిటి?

నేను కళ్లు పెద్దవి చేసుకుని ఆ వూళ్లో తిరిగాను. రెండు వరసల పాత ఇళ్లు, 1870 నాటి జైలు, ఒక సెలూను, దుకాణం. 1966లో ప్రభుత్వం కొని అలాగే నిలబెట్టింది. ఎస్తర్ కాపురం చేసిన చోట ఒక రాయి నాటి వుంది. వాళ్లది ఇరవైనాలుగు అడుగులకి ఇరవైయారు అడుగుల దుంగల ఇల్లు. అక్కడ నించునే మా మరిది అన్నాడు, “వదినగారూ, టీకి ఎంతమంది వచ్చారన్నారూ?”

ఒకరు ఇరవైమంది అన్నారు, ఇంకొకరు నలభైమంది అన్నారు. మంచాలూ పొయ్యీ సామాన్లూ పోను ఆ ఇంట్లో నలభైమంది గౌనులు విప్పార్చుకుని టీ తాగడమా! మా మరిది కొంటెగా నవ్వుతుంటే నాకు వొళ్లుమండింది. కానీ అనుమానం మాత్రం పట్టుకుంది. తిరిగి వచ్చాక చెల్లెలింట్లో కూర్చుని, లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు వారంరోజులు తిరగేశాను.

ఆ కథ మొదట అచ్చులో చెప్పింది హెర్మన్ నికర్సన్. 1869లో బ్రైట్ మీద పోటీచేసి ఓడిపోయిన రిపబ్లికన్ ఆయనే. చెప్పింది ఎప్పుడు? 1919లో! యాభై ఏళ్ల తరవాత. అప్పటికి ఎస్తర్ లేదు, బ్రైట్ లేడు. గ్రేస్ రేమండ్ హెబార్డ్ అనే వయోమింగ్ యూనివర్సిటీ ప్రొఫెసరు, ఆవిడా గట్టి మహిళావాది, ఆ కథని దేశమంతా వ్యాపింపజేసింది. రాయి నాటించింది కూడా వాళ్లిద్దరే. కానీ అసలు ఆ రోజుల్లో రాసిన కాగితం ఇంకోటి వుంది. బిల్లు నెగ్గిన రెండు మూడు వారాలకి ఎస్తర్ కొడుకు రాబర్ట్, సూసన్ ఆంథొనీ నడిపే ‘రెవల్యూషన్’ పత్రికకి ఉత్తరం రాశాడు. బ్రైట్ షయాన్ నుంచి ఇంటికొచ్చాక తనూ అమ్మా వెళ్లి అభినందించామని అందులో రాశాడు. బ్రైట్ భార్య సంగతి రాశాడు. అభ్యర్థి దగ్గర తల్లే స్వయంగా మాట తీసుకుని వుంటే కొడుకు ఆ ముక్క రాయకుండా వుంటాడా? బ్రైట్ కూడా తనంతట తనే బిల్లు పెట్టానని చెప్పుకున్నాడు. ఎస్తర్ అయితే ఆ గౌరవం నాదేనని బతికున్నన్నాళ్లూ అనలేదు.

అబ్బ, నాకెంత చిన్నతనం వేసిందో! ఎంత చక్కటి కథ! నవలలు రాసేదాన్ని గనక అది ఎందుకు పుట్టిందో మాత్రం అర్థమైంది. టీ కప్పు చేతబట్టి మగవాళ్ల చేత పనిచేయించిన ఇల్లాలంటే అందరికీ ముచ్చటే. ఎవరికీ బెరుకుండదు. రిజిస్టరు తెరిచి, సాక్షుల్ని పిలిచి, మగవాళ్లకి తీర్పు చెప్పిన ఇల్లాలంటే కాస్త బెరుకు. అందుకని జరిగినదాన్ని పక్కకి నెట్టి, జరగనిదాన్ని ముందు పెట్టుకున్నాం. నేనూ అదే చేశాను కదా! ఆ సాయంత్రం నా ఉపన్యాసంలో టీకి ఐదు నిమిషాలు, జడ్జిగిరికి ఒక్క వాక్యం.

కథలో చెప్పనివి ఇంకా వున్నాయి. ఆ బంగారు గనులున్న నేల షోషోనీ తెగవాళ్లది. వాళ్ల నాయకుడు వషాకీ 1868లో ఒడంబడిక చేసుకుంటే దక్కిన భూమిలోదే అది. 1872లో పాతికవేల డాలర్ల విలువకి ఏడు లక్షల ఎకరాల దాకా మళ్లీ రాయించుకున్నారు. ఓటుచట్టం వచ్చింది గానీ ఆ తెగ ఆడవాళ్లని పౌరులుగానే లెక్కపెట్టలేదు. చట్టరీత్యా వాళ్లందరికీ పౌరసత్వం వచ్చేసరికి 1924. ఇదే స్వీట్‌వాటర్ కౌంటీలో రాక్‌స్ప్రింగ్స్ అనే బొగ్గుగనుల వూళ్లో, 1885 సెప్టెంబరు 2న తెల్ల కూలీలు చైనా కూలీల మీద పడి ఇరవైయెనిమిది మందిని చంపి, వాళ్ల ఇళ్లు తగలబెట్టారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ రోజు ఆ కౌంటీలో ఎస్తర్‌లాంటి మనిషి ఒక్కరు కుర్చీలో వుంటే ఏమయ్యేదో అనిపించింది. ఏమీ అయ్యేది కాదేమో. జ్యూరీలో కూర్చునేవాళ్లు ఆ వూరివాళ్లే కదా.

బంగారం ఎంతోకాలం లేదు. నాలుగైదేళ్లలో వూరు ఖాళీ అయింది. కౌంటీ ముఖ్యపట్నం రైలుమార్గం మీదున్న గ్రీన్‌రివర్‌కి తరలిపోయింది. 1884లో కౌంటీని చీల్చినప్పుడు సౌత్‌పాస్ సిటీ కొత్తగా ఏర్పడ్డ ఫ్రెమాంట్ కౌంటీలోకి వెళ్లింది. బ్రైట్ కూడా డెన్వర్ వెళ్లి, తరవాత వాషింగ్టన్‌లో స్థిరపడి 1912లో పోయాడు. ఓటుచట్టమూ వూరితోపాటే పోవలసిందే. 1871లో రెండో శాసనసభ దాన్ని రద్దుచేస్తూ తీర్మానించింది. కాంప్‌బెల్ గవర్నరు తిప్పి కొట్టాడు. ఆయన మాట కాదని మళ్లీ నెగ్గించుకోవాలని చూస్తే ఎగువసభలో ఒక్క ఓటు తగ్గింది. ఒక్కటంటే ఒక్కటి! ఆ ఒక్కటీ నిలబెట్టిన చట్టంతోనే 1890లో వయోమింగ్ పూర్తి రాష్ట్రం అయింది. ఆ పండగరోజున ఆడవాళ్ల తరఫున గవర్నరుకి జెండా అందించింది ఎవరనుకున్నారు? దాదాపు డెబ్భైయెనిమిదేళ్ల ఎస్తర్! 1902లో పోయింది. వాషింగ్టన్ చట్టసభ భవనంలో ఇప్పుడు ఆవిడ కంచు విగ్రహం వుంది.

ఇంటికొచ్చాక మొదట చేసిన పని మామ్మగారి దగ్గరికి వెళ్లడం. తప్పు ఒప్పుకోవడానికి వేళాపాళా వుండకూడదని బ్యాగులు కూడా విప్పకుండా వెళ్లాను. మామ్మగారు వరండాలో చింతపండు గింజలు తీస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ నాలుగు గింజలు తీస్తూ మొత్తం చెప్పాను. టీ పార్టీ జరగలేదని చెబితే, “పోనిద్దూ, ఎవరు చూడొచ్చారు” అని తేల్చేశారు. జడ్జిగిరి సంగతి చెప్పాను. పాతాయన రిజిస్టరు ఇవ్వనంటే ఆవిడ కొత్తది తెరుచుకుందని చెప్పాను.

మామ్మగారి చెయ్యి ఆగింది.

“రిజిస్టరు ఆవిడే రాసేదిటే?”

“ఆవిడదే మామ్మగారూ. కొడుకు కాస్త సాయం.”

కాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లగా అన్నారు. “నేనూ ఐదేళ్లు వార్డుమెంబర్ని, తెలుసా నీకు? తొంభైయైదులో. ఆడవాళ్లకి కేటాయిస్తే మీ తాతగారు నా పేరిచ్చారు. మీటింగులకి ఆయనే వెళ్లేవారు. నెలకోసారి ఎవరో పుస్తకం పట్టుకొచ్చేవారు. గుమ్మంలో నించుని, వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టేదాన్ని. లోపల ఏం రాశారో ఒక్కసారీ చదవలేదు. చదువు రాకనా? ఎనిమిదో క్లాసు చదివాను.”

నాకు ఏమనాలో తోచలేదు. మూడేళ్లుగా పక్కపక్క ఇళ్లలో వుంటున్నాం. ఈ సంగతి నేనెప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

“ఆ పుస్తకం ఇంకా పంచాయితీ ఆఫీసులో వుంటుందంటావా?” అనడిగారు.

“వుండచ్చు మామ్మగారూ. అడిగితే చూపించాలి కూడా.”

“అయితే సంక్రాంతికి వూరెళ్లినప్పుడు చూస్తాను. ఏవేం సంతకాలు పెట్టానో ఏమిటో” అని మళ్లీ చింతపండు దగ్గరికి లాక్కున్నారు. కళ్లజోడు కొత్తది చేయించుకోవాలని, డాక్టరు దగ్గరికి తోడు రమ్మని అడిగారు. వచ్చే మంగళవారం వెళ్తున్నాం.